రెండో పియానో మార్తక్క

మా సంఘ పత్రికకు మార్తక్క గురించి రెండు పేజీలు రాసిమ్మని పాస్టరుగారు అడిగారు. ముప్పై నాలుగేళ్లు చర్చిలో ఆర్గాన్ వాయించి, ఈ మార్చిలో ఆమె ఉన్నట్టుండి మానేసింది. కారణం ఎవరికీ చెప్పలేదు. కాబట్టి నేను నాలుగు మంచి మాటలు రాస్తే, ఒక శాలువా కప్పి పంపించేద్దామని వాళ్ల ఆలోచన. మంచి మాటలు రాయడం నాకు రాక కాదు. రైల్వే గూడ్స్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైనవాణ్ని, లేని సరుకు ఉన్నట్టు రాసిన కాగితాలు బోలెడు చూశాను. ఇది మాత్రం అలా రాయలేను. దీన్ని వాళ్లు అచ్చు వేయరని తెలిసే రాస్తున్నాను.

మార్తక్క అసలు పని ఆర్గాన్ కాదు. చిన్న వయసులోనే పెద్ద పెద్ద కన్సర్టోలు వాయించే పిల్లలుంటారు, వాళ్ల వెనక కూర్చోవడం ఆమె పని. కన్సర్టో అంటే ఒక పక్క పియానో ఒక్కటీ, ఇంకో పక్క డెబ్బై మంది వాద్యగాళ్లు. సికింద్రాబాద్‌లో డెబ్బై మంది ఎక్కడ దొరుకుతారు? పెళ్లి బ్యాండుకే ఇరవై మంది పోగవడం కష్టం. అందుకని ఇక్కడ ఒక అలవాటుంది. పిల్ల ముందు పియానో మీద కూర్చుంటే, రెండో పియానో మీద ఇంకొకరు కూర్చుని ఆ డెబ్బై మంది పనీ పది వేళ్లతో చేస్తారు. ఊళ్లో ఏ పిల్ల కన్సర్టో వాయించినా ఆ పది వేళ్లూ మార్తక్కవే. పక్కన స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పేది నేను. పేరు శాంతికుమార్, చర్చి బృందంలో కింది గొంతు పాడేవాణ్ని, ఉండేది సీతాఫల్‌మండిలో.

ఆమె గొప్పతనం ఎక్కడుందో హాల్లో కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు. పిల్లలు కదా, తడబడతారు. ఒకసారి ఒక పిల్లాడు భయంతో రెండు పేజీలు ఎగరగొట్టేశాడు. నేను పేజీ వెతుక్కునేలోపే మార్తక్క వాడితో పాటు అవతలి ఒడ్డున ఉంది. వాడికి ఆ రోజు మొదటి బహుమతి వచ్చింది, తప్పు చేశానన్న సంగతి ఈ రోజుకీ వాడికి తెలియదు. "మన పని గంతే తమ్మీ, పోరగాండ్ల తప్పు బయటికి ఇనబడొద్దు" అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఒక గర్వం ఉండేది. బంగారు పతకాలు మెడలో వేసుకున్నవాళ్లలో కూడా అంత గర్వం నేను చూడలేదు.

దానికీ ఒక కథ ఉంది. మౌలాలి రైల్వే క్వార్టర్లలో పుట్టింది. తండ్రి దేవకృప, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. చర్చి పియానో మీద నేర్చుకుని, పదమూడేళ్లకే ఒక కన్సర్టో మొత్తం చూడకుండా వాయించేదట. ఆ రోజుల్లో ఆమె వెనక కూర్చుని రెండో పియానో వాయించేవాళ్లు దొరకలేదు. సగం సంగీతం లేకుండా స్టేజీ ఎక్కిస్తే నవ్వుతారని టీచరు ఎక్కించలేదు. మరుసటి ఏడాది ఒక మేజరుగారి అమ్మాయి అదే కన్సర్టో వాయిస్తే, వెనక కూర్చునే పని మార్తక్కకు వచ్చింది. అప్పుడు కూర్చున్న మనిషి మళ్లీ ముందు పియానో దగ్గరికి వెళ్లలేదు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పోయిన ఏడాది మార్తక్క రెండో పియానో వాయించింది ఊర్మిళకు. పన్నెండేళ్ల పిల్ల. నాన్న సత్యదేవ్‌ది భీమవరం వైపు, కార్ఖానాలో టైల్స్ షాపు. అమ్మ ఝాన్సీలక్ష్మి. వాళ్ల వంశంలో పాట పాడినవాళ్లే లేరు. ఈ పిల్ల మాత్రం ఐదేళ్లప్పుడు అపార్ట్‌మెంటులో ఎవరింట్లోనో కీబోర్డు చూసి, లిఫ్ట్ చేసే చప్పుడు వాయించి చూపించిందట. అక్కడి నుంచి డోరా టీచరు దగ్గర చేరి, ఏడేళ్లలో ఒక రష్యన్ పెద్దాయన రాసిన కన్సర్టో దాకా వచ్చింది. అది బారెడు చేతులున్న మగవాళ్లు చెమటలు కక్కుతూ వాయించేది. ఈ పిల్ల కాళ్లు పెడళ్లకు అందీ అందనట్టుండేవి. డిసెంబరులో ముంబైలో ఒక పోటీ ఫైనల్, దానికి చేరిన ముగ్గురికి నిజమైన ఆర్కెస్ట్రాతో వాయించే అవకాశం. ఊర్మిళ చేరింది. రోజుకు ఆరు గంటల సాధన, బడికి సగం రోజులు సెలవు.

జూలైలో డోరా టీచరు హాల్లో రెండు పియానోల సాధన షురూ అయింది. మూడో వారంలో అనుకుంటాను, నేను పేజీ తిప్పబోయి ఆగిపోయాను. మార్తక్క ఎడమచెయ్యి కాగితం మీద లేని స్వరాలు వాయిస్తోంది. ఆ చోట ఆమెకు విశ్రాంతి, ఊర్మిళే ఒంటరిగా వాయించాలి. చూద్దును కదా, ఊర్మిళ ఎడమచేతి చిటికెన వేలు పియానో మెట్ల మీద దిగకుండా పైకి లేచి ఉంది. ఆ వేలు వాయించాల్సిన కింది స్వరాలన్నీ పక్క పియానోలోంచి వస్తున్నాయి. పియానోలు రెండూ ఆనుకునే ఉన్నాయి, వింటే తేడా తెలియదు. డోరా టీచరు చెవి మంచి చెవే. ఆమెకు వినబడిందంతా సరిగ్గానే ఉంది.

రెండు వారాలకు ఉంగరపు వేలు కూడా మొరాయించింది. పిల్ల వాయించడం అయ్యాక చెయ్యి తొడ మీద రుద్దుకునేది, విదిలించేది. ఒక్కమాట అనేది కాదు. మార్తక్కా అనేది కాదు. ఆర్కెస్ట్రా స్వరాలు కొన్ని వదిలేసి మరీ పిల్ల స్వరాలు అందుకునేది. ఆ చేతి నుంచి ఏ క్షణాన ఏ స్వరం జారిపోతుందో ముందే తెలిసినట్టుండేది. పని చేసే మనిషిగా అంత అద్భుతంగా ఆమెను నేను ముందెప్పుడూ చూడలేదు. నా తలరాత కాకపోతే, అది చూసి మురిసిపోవడం ఏమిటి?

ఆగస్టు చివర ఒకరోజు ఆటోలో మౌలాలి వెళ్తూ ఇక ఉండబట్టలేక కదిలించాను.

"అక్కా, ఆ పిల్ల చేతికి ఏందో అయింది. వాళ్ల నాయనకు చెప్పాలె."

ఆమె రోడ్డు వైపే చూస్తూ అంది.

"చెప్తే ఏమైతది? ముంబై బంద్ అయితది. డిసెంబర్ దాంక నేను పట్టుకుంట తమ్మీ. నా యెనక ఎవ్వరు లేకపోయిరి. ఈ పిల్లకు నేనున్న."

ముంబైలో నువ్వుండవు కదా అన్నాను. అప్పటికల్లా నయమవుతుందంది. ఎలా నయమవుతుంది, రోజుకు ఆరు గంటలు వాయిస్తుంటే? ఈ ప్రశ్న ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు అడగలేదు. అడిగితే సాధన ఆగిపోయేది. సాధన ఆగితే అక్టోబరులో కంటోన్మెంటు హాల్లో ప్రోగ్రాం ఉండేది కాదు, నేను నల్లకోటు వేసుకుని స్టేజీ ఎక్కేవాణ్ని కాదు. మొహమాటమని పేరు పెట్టుకుందామనుకున్నాను. అది మొహమాటం కాదు.

అక్టోబరులో హాలు నిండిపోయింది. ఆ రోజు ఊర్మిళ ఎడమచేత్తో వాయించిన దానికంటే వాయించనిదే ఎక్కువ. చెయ్యి మాత్రం మెట్ల మీద అటూ ఇటూ పరుగెడుతోంది. మార్తక్క చీర వీపున చెమటకు తడిసిపోయింది. అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సత్యదేవ్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, మా అమ్మాయి ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదండీ అని మార్తక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

ముంబై ఫైనల్ ఆదివారం సాయంత్రం. మార్తక్క ఇంట్లో ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి పెట్టుకుని చూశాం. ఫోన్‌లో కింది స్వరాలు ఎలాగూ వినబడవు. పిల్ల వాయిస్తోందో లేదో మాకు తెలియదు. మార్తక్క ఎడమచెయ్యి తనంతట తనే బల్ల మీద గుడ్డపై పరుగెడుతోంది, ఆ స్వరాలన్నీ వాయిస్తోంది. అందులో ఒక్కటి కూడా ముంబై చేరదు. మొదటి భాగంలోనే కండక్టరు తల తిప్పి పిల్ల వైపు చూశాడు. మళ్లీ చూశాడు. మూడో భాగంలో ఊర్మిళ ఎడమచెయ్యి మెట్ల మీంచి జారి ఒళ్లో పడింది. కుడిచేత్తో కాసేపు వాయించింది. డెబ్బై మంది ఆగరు కదా, వాళ్లు ముందుకు పోయారు. పిల్ల కుడిచెయ్యి కూడా తీసి ఒళ్లో పెట్టుకుని, ఆర్కెస్ట్రా అయిపోయేదాకా అలాగే కూర్చుంది. చివర్లో కండక్టరు వచ్చి లేవదీశాడు. మార్తక్క ఫోన్ బోర్లా పెట్టింది.

తర్వాత ఆసుపత్రులు. మోచేతి దగ్గర నరం నలిగిపోయిందన్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. జనవరిలో ఆపరేషన్ చేశారు. మొదట్లోనే తీసుకొచ్చి రెండు నెలలు చేతికి విశ్రాంతి ఇస్తే సరిపోయేదట. అమ్మాయి రాసుకుంటుంది, జడ వేసుకుంటుంది, పెద్దయ్యాక బండి కూడా నడుపుతుంది, పియానో సంగతి మాత్రం నన్ను అడక్కండి అన్నాడట డాక్టరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ ఇంట్లోవాళ్లకు తెలిసింది.

ఫిబ్రవరి చివర మేమిద్దరం కార్ఖానా వెళ్లాం. ఝాన్సీలక్ష్మి టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. సత్యదేవ్ చిక్కిపోయాడు.

"చిన్నపిల్ల, అది చెప్పలేదు. మాకా, సంగీతం తెలీదు. బాగా వాయిస్తోందని అందరూ అంటుంటే బాగానే ఉందనుకున్నామండీ. తెలిసినవాళ్లు ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే..." అని ఆగిపోయాడు.

తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం టీ తాగాం. పిల్లను చూసొస్తానని మార్తక్క లేచింది, నేనూ వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఊర్మిళ మంచం మీద కూర్చుని, ఎడమచేతిలో ఒక మెత్తటి బంతి పెట్టుకుని నొక్కుతోంది. ఫిజియో చెప్పిన వ్యాయామం. బంతి సరిగ్గా నొక్కుకోవడం లేదు. మార్తక్క పక్కన కూర్చుని ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"అంత తక్లీఫ్ అయితుంటే ఎవ్వరికి ఎందుకు చెప్పలే బిడ్డా?"

పిల్ల ఆశ్చర్యంగా చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. లెక్కలో ఒక మెట్టు టీచరే మర్చిపోతే పిల్లలు చూస్తారే, అలా చూసింది.

"మీకు తెలుసు కదా ఆంటీ. నావి మీరు వాయించేవారు కదా. నాకు వినబడేది. మీరు ఎవరికీ చెప్పలేదు. అందుకని ఇది చెప్పకూడదేమో అనుకున్నాను."

మార్తక్క ఆ చెయ్యి వదల్లేదు. కాసేపటికి వంగి దానికి తన నుదురు ఆనించింది. పిల్లకు ఏం చేయాలో తెలియక కుడిచేత్తో ఆమె భుజం మీద తట్టింది. ఇన్నేళ్లూ పిల్లల తప్పులు దాచిన మనిషి ఈ పిల్లకు నేర్పిన పాఠం ఇదొక్కటే, పిల్ల దాన్ని ఒక్క పొల్లు పోకుండా నేర్చుకుంది.

తర్వాత మార్తక్క లేచి ముందు గదిలోకి వెళ్లి, సత్యదేవ్ ఎదురుగా నిలబడే అంతా చెప్పింది. జూలై నుంచి, ఏ వేలు ముందు, ఏ వేలు తర్వాత, అక్టోబరులో స్టేజీ మీద ఎన్ని పేజీలు తనవో, అన్నీ. తనను తాను వెనకేసుకొచ్చే మాట ఒక్కటి కూడా అనలేదు. చిన్నప్పుడు తన వెనక ఎవరూ లేకపోవడం గురించి కూడా చెప్పలేదు. లోపలి గదిలో ఝాన్సీలక్ష్మి చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

సత్యదేవ్ అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆయన ఆమె వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు.

"శాంతికుమార్ గారూ, పేజీలు తిప్పింది మీరే కదండీ?"

అవునన్నాను.

"ఆ నోట్సు చదవడం మీకు వచ్చా?"

"వస్తది సార్" అన్నాను.

ఆయన లేచి వెళ్లి, మేమిద్దరం చెప్పులు వేసుకునేదాకా తలుపు తెరిచి పట్టుకున్నాడు.