నల్లమల మీద లైటుహౌసు

మా కోడలు గేటు బందులకు ఆముదం పోసినప్పుడల్లా ఆ జిడ్డు వాసన ముక్కుకు తగిలి, ఆళ్లగడ్డలో మా పాత మిద్దె, గోడలో చిన్న గూడు, ఆ గూట్లో గుడ్డ చుట్టి పెట్టిన మా నాయన ఉలి గుర్తుకొస్తాయి. మాది రాళ్లు కొట్టే ఇల్లు. తెల్లారితే వీధంతా ఉలి దెబ్బలే. కొలిమిలో ఎర్రగా కాలిన ఉలిమొనలు నీళ్లలో ముంచితే లేచే ఆవిరి, జొన్నరొట్టెలు కాలే కమ్మదనం, ఎండుమిరపకాయల ఘాటు అన్నీ కలిసి ఇంట్లోకి వచ్చేవి. పనికి ఊరు దాటే మనిషి ఒక ఉలిని ఇంట్లో విడిచిపోవాలి. ఆయన తిరిగొచ్చేదాకా ఆడవాళ్లు శుక్రవారం శుక్రవారం దానికి ఆముదం రాయాలి, తుప్పు పట్టనీయకూడదు. అది మా వీధి ఆచారం.

నా చిన్నప్పుడు నాయన సముద్రం ఒడ్డున లైటుహౌసు కట్టే పనికి పోయినాడు. మేం నంద్యాలలో ఆయన్ను రైలెక్కించినప్పుడు, ఈ రైలు నల్లమలలో దూరి అవతల తేలుతుందని, సముద్రం అటేనని చెయ్యి చాపి చూపించినాడు. ఉగాదికి వచ్చి, ఓలిగలు, వేపపువ్వు పచ్చడి అయ్యాక, రాత్రి మిగిలిన సంగటి ముద్దను పళ్లెంలో నిలబెట్టి పైకి పోయేకొద్దీ సన్నంగా వత్తడం మొదలుపెట్టినాడు.

"ఏందీ, తినే కూటితో ఆటలా?" అనింది అవ్వ.

"లైటుహౌసు కడతాండానమ్మా."

ముందు అక్కడ కొయ్య స్తంభానికి కిరసనాయిలు దీపం తగిలించేవాళ్లంట. తుపానుకు అది పడిపోతే, దోవ తెలియక పడవలు రాళ్లకు కొట్టుకున్నాయంట. అందుకే ఇసుకలో బావిలాగా లోతుగా తవ్వి, అడుగున లావుపాటి రాళ్లు పరిచి, వంపు తిరిగిన రాళ్లను వరసమీద వరసగా లేపుతున్నారంట. వరస పెరిగేకొద్దీ వంపు మారుతుంది కాబట్టి కింది రాయి పైకి పనికిరాదంట. లోపల మెట్లు సుడి తిరుగుతూ పోతాయంట.

"ఆ దీపం మనకు కనపడుతాదా నాయనా?"

"నడిసముద్రంలో పడవకే కనపడితే, మిద్దెక్కితే నీకు కనపడదా? దీపం ఎలిగిననాడే నేను ఇంటికి రైలెక్కుతా," అని నవ్వినాడు.

ఆయన మళ్లీ పనికి పోయినాక, ఆ మాట పట్టుకొని అమ్మ, నేను ప్రతి సాయంత్రం మిద్దె మీద తూర్పుకు తిరిగి కూర్చునేవాళ్లం. ఒకనాటి మునిమాపున నల్లమల కొన మీద ఎర్రటి వెలుగు నిలబడింది.

"ఎండాకాలం కొండ మీద అడివి కాలేది ఎప్పుడూ చూల్లేదా?" అనింది అవ్వ కింది నుంచి.

"కాలితే పాకుతాది అత్తా. ఇది ఒకే తావున ఉంది. నీ కండ్లకు పొర కమ్మిందిలే," అని అమ్మ పకపకా నవ్వింది. తెల్లారే శెనగబేడలు ఉడకబెట్టి ఓలిగలు చేసింది, వీధిలో అందరికీ పంచింది.

ఆ ఓలిగలు పాచిపోక ముందే, నాయనతో పనికి పోయిన హుసేనన్న వచ్చినాడు. నాయన సంచి భుజాన ఉంది. గడప తొక్కలేదు.

"నిలబడి పని చేసే సారవ కట్టె ఇరిగి, అన్న పైనుంచి పడినాడు వదినా. ఎండలకు శవాన్ని ఆపలేక ఆడనే పూడ్చినాం."

అమ్మ ఆయన వైపు బిత్తరగా చూసింది. "దీపం ఎలిగింది కదన్నా? మేం చూసినాం కదా?"

"దీపానికి ఇంగా అద్దాలే రాలేదు వదినా."

మేం ఓలిగలు పంచేనాటికే నాయన ఇసుక కింద ఉన్నాడు. అయినా అమ్మ ఉలికి ఆముదం రాయడం మానలేదు. "రానోడి ఉలికి ఎందుకే?" అని అవ్వ ఏడ్చినా రాస్తానే ఉండేది. ఏటా కొండ కాలే రోజుల్లో మాత్రం మంచం గోడవైపు తిప్పుకొని పడుకునేది.

ఇప్పుడు ఆ మిద్దె లేదు. వీధిలో ఉలి చప్పుడు లేదు, రాయి కోసే మిషన్ల రొదే. పడవల వాళ్లు కూడా ఫోన్లలోనే దోవ చూసుకుంటారంట. నాయన ప్రాణం ఇచ్చి కట్టిన దీపం వైపు తలెత్తే వాళ్లే తక్కువంట. అమ్మ పోయినాక కొన్నేండ్లు ఉలికి నేనే రాసినాను. ఈ పొద్దు కోడలు మిగిలిన ఆముదం గిన్నె నా పక్కనే పెట్టి పోయింది. ఉలి లోపల పెట్టెలో ఉంది. శుక్రవారమే. రానోడి ఉలికి ఎందుకన్న అవ్వ మాట తలుచుకొని, నేను లేవలేదు.