నీళ్లకు కాపలా

యువరాజు తల్లిని విశాఖపట్నం తీసుకెళ్లింది తన ఫైటింగ్ చూపించడానికి కాదు, తనకు నీళ్లు ఇవ్వకుండా కాపలా కాయడానికి.

"నువ్వైతేనే ఇవ్వవమ్మా," అన్నాడు పూండి స్టేషన్లో రైలు కోసం నిలబడి. "నీ కోడలు ప్రమోదినైతే నా మొకం సూసి ఏడిసీసి ఇచ్చేత్తాది. మా జిమ్ము జగదీష్ మాస్టారు కూడా కిందటిసారి ఆఖర్న జాలిపడిపోయినాడు. నువ్వు గట్టిదానివి."

"మంచి పేరే తెచ్చుకున్నాన్రా," అంది సింహాచలమ్మ.

ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. యువరాజు ఇంకా నిక్కర్లు వేసుకునే వయసులో తండ్రి పైడిరాజుకు కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇది వింత కాదు, వాళ్ల వీధిలోనే మరో ముగ్గురున్నారు. డయాలసిస్ మొదలుపెట్టాక డాక్టరు సింహాచలమ్మను పక్కకు పిలిచి, నీళ్లు ఒంట్లోంచి బయటికి పోవు కాబట్టి లోపలికి వెళ్లేవి కొలిచి ఇవ్వాలన్నాడు. మజ్జిగైనా, చారైనా అందులోకే లెక్క. ఆ రోజునుంచి పొద్దున్నే ఒక సీసా నింపి, టీ తాగే చిన్న స్టీలు గ్లాసుతో రోజంతా సర్ది ఇచ్చేది. పైడిరాజు తిట్టేవాడు. కొబ్బరి చెట్ల కింద పుట్టి, గొంతు తడుపుకోవడానికి పెళ్లాన్ని బతిమాలుకోవాలా అని గోడకేసి చెప్పుకునేవాడు. ఇరుగుపొరుగు ఆమెను రాతిమనిషి అన్నారు. డాక్టరు మాత్రం, నీ భర్త ఇన్నాళ్లు లాగాడంటే నీ చలవేనమ్మా అన్నాడు. ఆ మెచ్చుకోలు ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, మర్చిపోనూ లేదు.

దాహం మరీ పీక్కుతినే మధ్యాహ్నాలు పక్కింటి ఉమామహేశ్వరరావు మాస్టారి ఫ్రిజ్జులోంచి రెండు ఐసుముక్కలు తెచ్చేది. ఒకటి తండ్రికి, ఒకటి కొడుక్కి. ఎవరి ముక్క ఎక్కువసేపు కరక్కుండా ఉంటుందో చూసుకోవడం వాళ్లిద్దరి ఆట. నాలిక కింద పెట్టుకోవాలి, చప్పరించకూడదు, నోరు మూసి ముక్కుతోనే ఊపిరి తీయాలి, గుటక వస్తే మింగకుండా వేరే ఏదైనా తలుచుకోవాలి. పైడిరాజు ఏం తలుచుకునేవాడో ఏమో, మొదట్లో ఎప్పుడూ అతనే గెలిచేవాడు. తర్వాత తర్వాత కొడుకు గెలవడం మొదలుపెట్టాడు. "సూడే, నీ కొడుకు నన్ను మించిపోనాడు," అని మురిసిపోయాడు ఆ మనిషి, పోయే ముందు వేసవిలో.

ఆ విద్యే కొడుక్కి అన్నం పెడుతుందని అప్పుడు ఎవరికి తెలుసు?

టెక్కలిలో కాలేజీకి వెళ్లే రోజుల్లో యువరాజు బాక్సింగ్ పట్టుకున్నాడు. అక్కణ్నుంచి విశాఖపట్నంలో జగదీష్ మాస్టారి జిమ్ము, ఆ తర్వాత ఇనప జాలీ బోనులో గుద్దుకుంటూ, తన్నుకుంటూ, మెడలు బిగించే ఆట. సింహాచలమ్మ ఒక్కసారి ఫోనులో చూసి, మళ్లీ చూపించొద్దంది. అతని గుద్దుకు పడిపోయినవాళ్లు పెద్దగా లేరు. కానీ దాహానికి అతను పడిపోవడం ఎవరూ చూడలేదు. ఆ ఆటలో పోటీకి ముందురోజు ఇద్దర్నీ తూకం వేస్తారు. ఇద్దరూ ఒకే బరువు లోపల ఉండాలి. తూకం అయ్యాక ఎంత తాగినా, ఎంత తిన్నా అడిగేవాడు లేడు. అందుకని ప్రతివాడూ ఒంట్లో నీళ్లన్నీ చెమటగా పిండేసుకుని, తనకన్నా చిన్న మనిషితో తలపడాలని చూస్తాడు. మిగతావాళ్లు సగంలో చేతులెత్తేసే చోట యువరాజు కళ్లు మూసుకుని, నాలిక కింద లేని ఐసుముక్కను పెట్టుకుని కూర్చునేవాడు. ఎవడైనా ఆఖరి నిమిషంలో తప్పుకుంటే నిర్వాహకులు అతనికే ఫోను చేసేవారు. ఉద్దానం కుర్రాడికి ఏ బరువు చెప్పినా దిగిపోతాడన్న పేరు పడిపోయింది.

డబ్బులు మాత్రం పేరుతో పాటు పెరగలేదు. బోనులోకి దిగితే ఒక మొత్తం, గెలిస్తే ఇంకో అంత. బరువు దాటితే అందులో కోసి ఎదుటివాడికి ఇచ్చేస్తారు. పోటీకీ పోటీకీ మధ్య నెలల్లో ఎలా బతుకుతున్నావని అడిగేవాళ్లు లేరు. ఆ నెలల్లో ఇల్లు నడిచేది సింహాచలమ్మ కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసి తెచ్చే కూలితోనే. పోటీకి ముందు రక్తపరీక్షలుంటాయి, వాటి ఖర్చు ఫైటరుదే. అవి కూడా ఎదుటివాడికి అంటుకునే జబ్బులేమైనా ఉన్నాయా అని చూడ్డానికే. యువరాజు కిడ్నీలు ఎలా ఉన్నాయో ఎవరూ అడగలేదు, అతనూ చూపించుకోలేదు. ఊళ్లోకి వైద్య శిబిరం వచ్చిందంటే ఏదో పని పెట్టుకుని పలాస పారిపోయేవాడు. ఉద్దానంలో కుర్రాళ్లందరూ అంతే. కాగితం మీద కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ అంకె పడనంతవరకూ ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఈసారి పోటీ వేరు. గెలిస్తే ఏడాది కాంట్రాక్టు ఇస్తామన్నారు. ఆడినా ఆడకపోయినా నెలనెలా జీతం. యువరాజుకు బెల్టులూ, ఫొటోలూ అక్కర్లేదు, ఆ 'నెలనెలా' కావాలి. కూతురు కుసుమను వచ్చే ఏడు బళ్లో వెయ్యాలి. కాకపోతే అతను ఎప్పుడూ దిగనంత కింద బరువుకు దిగాలి.

హోటల్ గదిలో స్నానాలతొట్టెలో వేడినీళ్లు నింపి, ఉప్పు పోసి, అందులో మెడదాకా మునిగాడు. లేచాక జగదీష్ మాస్టారు దుప్పట్లు కప్పాడు. మళ్లీ తొట్టె. సింహాచలమ్మ బాత్రూము గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్లో నీళ్ల సీసా పెట్టుకుని కూర్చుంది. చంకలో సంచీలో ఆ పాత చిన్న గ్లాసు కూడా ఉంది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలీదు.

"పిన్నీ, నువ్వు మా జిమ్ములో చేరిపోకూడదా? నీలాంటి మనిషి నాకెక్కడా దొరకలేదు," అన్నాడు జగదీష్ వాతావరణం తేలిక చేద్దామని.

"మా ఊళ్లో నీలు తాగండర్రా, నీలు తాగండర్రా అని గోడల మీద రాత్తారు. నువ్వేమో తాగొద్దని సెప్పి డబ్బులు తీసుకుంతన్నావు. నీ దగ్గిర నాకేటి పని బావూ?"

జగదీష్ తొట్టెలో ఇంకో దోసెడు ఉప్పు పోశాడు. అతని చెవులు రెండూ పాత దెబ్బలకు గోంగూర ముద్దల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. ఆడిన రోజుల్లో అతనికీ నెలజీతం ఇచ్చినవాడు లేడు.

మధ్యాహ్నానికి యువరాజు పెదాలు చీలాయి. ఉమ్మి రావడం మానేసింది. పెదాల మీద తడిగుడ్డ అద్దితే దాన్ని పళ్లతో పట్టేసుకున్నాడు. సింహాచలమ్మ అతని దవడ నొక్కి గుడ్డ లాగేసింది. పైడిరాజు కూడా ఇలాగే పట్టుకునేవాడు.

"అమ్మా. ఒక్క గుక్క."

"ఇవ్వొద్దని నువ్వే సెప్పినావు."

"ఇప్పుడు ఇమ్మని సెప్తన్నాను."

"ఏడిసినా ఇవ్వొద్దన్నావు."

"ఏడవడానికి నాలో నీలెక్కడున్నాయే?" అని నవ్వాడు. ఆ నవ్వుకు పెదవి మళ్లీ చీలింది. తర్వాత కళ్లు మూసుకుని, చిన్న గొంతుతో, "అయ్య ఏటి తలుసుకునేవోడమ్మా?" అని అడిగాడు.

సింహాచలమ్మ సీసా మూత మీద చెయ్యి వేసింది. మూత కొంచెం తిరిగింది కూడా. ఇస్తే ఏమవుతుంది? తూకం దాటుతుంది, డబ్బులు కోస్తారు, కాంట్రాక్టు పోతుంది. కొడుకు రేపు తన మొహం చూడడు. నువ్వు గట్టిదానివని నమ్మి తెచ్చుకున్నాడు. మూత మళ్లీ బిగించింది.

"నాకు సెప్పనేదురా," అంది.

తూకం సరిపోయింది. చుట్టూ దుప్పటి అడ్డం పట్టుకుంటే, ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడి తూగాడు. జనం చప్పట్లు కొట్టారు. కండలు బిగించి ఫొటో తీయించుకుని, మెట్లు దిగుతూనే తల్లి చేతిలో సీసా లాక్కున్నాడు. తాగినవన్నీ కక్కేశాడు. మళ్లీ తాగాడు.

మర్నాడు గెలిచాడు. భుజం నొప్పికి మాత్రలు వేసుకుని దిగి, మూడు రౌండ్లూ ఎదుటివాణ్ని జాలీకి అదిమి పెట్టి, పాయింట్ల మీద గెలిచాడు. సింహాచలమ్మ లోపలికి వెళ్లలేదు. బయట మెట్ల మీద కూర్చుని, లోపల్నుంచి కేకలు వినిపించినప్పుడల్లా చీర కొంగు వేలికి చుట్టుకుంది. కొడుకు బయటికొచ్చి, "అమ్మా, జీతగాడినైపోనాను," అన్నప్పుడు కొంగుతోనే అతని మొహం తుడిచింది.

ఇంటికొచ్చిన రెండో రోజు పెరట్లోంచి వచ్చి, పాస్ డికాషన్ రంగులో పడుతోందని తేలిగ్గా చెప్పాడు. ఆ వారంలోనే చెప్పులు కాలికి పట్టలేదు. సింహాచలమ్మ అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఆ పరీక్ష ఉద్దానంలో ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆమె ఆ గుంటవంకే చూస్తూ కూర్చుంది. "ఏటమ్మా?" అంటే, "ఏటీ నేదు, సొక్కా తొడుక్కో, పలాస ఎల్దాం," అంది.

డాక్టరు కుర్రవాడు. కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. కిడ్నీల జబ్బు లోపల ఎప్పట్నుంచో మొదలై ఉండొచ్చన్నాడు, ఒళ్లు ఇన్నిసార్లు ఎండబెట్టుకోవడం, దానిమీద నొప్పి మాత్రలు పడడం వల్లా కావచ్చన్నాడు. దేని వంతు ఎంతో విడదీసి చెప్పడం కష్టమన్నాడు.

"ఆ రోజు నానొక గ్లాసుడు నీలు ఇచ్చుంటే ఆగేదా బాబూ?" అని అడిగింది సింహాచలమ్మ.

"లేదమ్మా. ఒక్క గ్లాసుతో ఆగేది కాదు. ఒక్క రోజులో వచ్చింది కూడా కాదు."

ఆ మాట ఆమె వింది. నమ్మడం మాత్రం చేతకాలేదు.

విడదీయలేమని డాక్టరన్న మాట నిర్వాహకులకు బాగా పనికొచ్చింది. బీమా బోనులో తగిలిన దెబ్బలకేనని ఫోనులో ఒకమ్మాయి మర్యాదగా చెప్పింది. కిడ్నీ దెబ్బ కాదట. పైగా మీరు ఉద్దానం వాళ్లు కదా సార్, అక్కడ ఇది మామూలేనటగా అంది. ఆరోగ్యం సరిగా లేని మనిషికి కాంట్రాక్టు నడవదు కాబట్టి మొదటి నెల జీతం కూడా రాలేదు. ఇన్నాళ్లూ ఉద్దానం కుర్రాడని పొగిడి పిలిచినవాళ్లు, ఆ ఊరి పేరు చెప్పే వదిలేశారు.

జగదీష్ బస్సు దిగి, కొబ్బరిబొండాల గెల భుజాన వేసుకుని, అరటిపళ్లు పట్టుకుని వచ్చాడు. రెండూ కిడ్నీలు చెడిన యువరాజు ముట్టుకోకూడనివే. ఆ సంగతి సింహాచలమ్మ అతనికి చెప్పలేదు. అతను గుమ్మంలో నిలబడి, "పిన్నీ, నన్నొక మాట తిట్టు," అన్నాడు. "నిన్ను తిడితే నన్నెవులు తిడతార్రా? కూకో," అని టీ పెట్టింది. వెళ్లాక బొండాలు పక్కింటికి పంపేసింది.

ఇప్పుడు ఫ్యాక్టరీకి ప్రమోదిని వెళ్తోంది. సింహాచలమ్మ కొడుకును చూసుకుంటూ ఇంటిపట్టునే ఉంటోంది. డయాలసిస్ రోజుల్లో ఆటోలో పలాస తీసుకెళ్లి తీసుకొస్తుంది. పొద్దున్నే సీసా నింపుతుంది. అదే చిన్న గ్లాసు. ఇప్పుడు ఫ్రిజ్జు వాళ్లింట్లోనే ఉంది, మంచి రోజుల్లో యువరాజు కొన్నదే.

ఆ మధ్యాహ్నం ఆమె దండెం మీద బట్టలు తీస్తూండగా లోపల్నుంచి నవ్వు వినిపించింది. యువరాజు నవ్వి ఎన్నాళ్లయిందో. చేతిలో బట్టలతోనే గుమ్మందాకా వచ్చింది. మంచం మీద తండ్రీ కూతుళ్లిద్దరూ మఠం వేసుకుని ఎదురుబొదురుగా కూర్చున్నారు. ఇద్దరి బుగ్గలూ బిగిసి ఉన్నాయి. ఇద్దరూ ముక్కుతోనే ఊపిరి తీస్తున్నారు. కుసుమ ఉండబట్టలేక నోరు తెరిచి, నాలిక ఎత్తి చూపించింది.

"అయ్యా, నాది ఇంకా ఉంది!"

బట్టలు కింద పడ్డాయి. సింహాచలమ్మ ఒక్క అంగలో వెళ్లి, పిల్ల నోట్లో వేలు పెట్టి ఐసుముక్క తీసి వాకిట్లోకి విసిరేసింది. కుసుమ బిక్కచచ్చి, తర్వాత ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది. సింహాచలమ్మ డబ్బాలోంచి పెద్ద చెంబుడు నీళ్లు వంపి తెచ్చింది.

"తాగు."

"దాహం నేదు నానమ్మా."

"నేకపోయినా తాగాల. తాగు గుంటా."

పిల్ల వెక్కుతూ తాగింది. గుక్క గుక్కకూ ఆ చిన్న గొంతు కదలడం యువరాజు రెప్పవేయకుండా చూశాడు. చెంబు అడుగున కాసిని నీళ్లు మిగిలాయి. కుసుమ మూతి తుడుచుకుని ఒకసారి చెంబులోకి చూసింది, తర్వాత దాన్ని తండ్రి ముందుకు చాపింది.

"నీకయ్యా."

ఆ పూట అతని నీళ్లు అయిపోయాయి. ఆ సంగతి అతనికీ తెలుసు. చెంబు అందుకోలేదు. తల్లి వైపు చూశాడు.

ఇద్దరు మగాళ్ల దాహానికి కాపలా కాసిన ఆ మనిషి గ్లాసు మీంచి ఏనాడూ చూపు తిప్పింది లేదు. సింహాచలమ్మ మెల్లగా వెనక్కి తిరిగి, గుమ్మం పట్టుకుని, వాకిట్లో ఎండలో కరిగిపోతున్న ఐసుముక్కను చూస్తూ నిలబడింది. వెనకాల ఒకే ఒక్క గుటక వినిపించింది.

"నానమ్మా, అయ్య తాగీసినాడు," అంది కుసుమ.

"ఎవులూ తాగనేదు," అంది సింహాచలమ్మ, తిరక్కుండానే.