నువ్వు అన్నందుకు

డిగ్రీ అయ్యాక కొన్నేళ్లపాటు నేను బాన్సువాడ బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పనిచేశాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, దుకాణాల బిల్లు పుస్తకాలు టైపు చేయడం నా పని. సెంటర్ నడిపే అక్కది దగ్గర్లోని ఒక క్యాంపు, అంటే కోస్తావాళ్లు వచ్చి కట్టుకున్న ఊరు. ఆమె అమ్మానాన్నలు కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద పొలం కొనుక్కుని స్థిరపడినవాళ్లు. అక్క మాత్రం ఇక్కడే పుట్టింది. మాతో మా తెలంగాణ మాటే మాట్లాడేది. ఇంటినుంచి ఫోనొస్తే అదే నోటితో వాళ్ల మాట మాట్లాడేది.

అప్పట్లో మేం వాడే తెలుగు సాఫ్ట్‌వేర్‌తో ఒక చిక్కుండేది. అందులో టైపు చేసింది కాగితం మీద బాగానే అచ్చయ్యేది గాని, ఈమెయిల్లో పంపితే అవతల పిచ్చి గీతలై తేలేది. సెంటర్‌కు ఇంటర్నెట్ వచ్చాక, వెతగ్గా వెతగ్గా ఇంకో సాఫ్ట్‌వేర్ దొరికింది. ఎవరో కొందరు తెలుగువాళ్లు తీరిక వేళల్లో కలిసి తయారుచేసి ఉచితంగా ఇస్తున్నారు. దాంతో టైపు చేస్తే తెలుగు ఎక్కడైనా తెలుగులాగే కనిపించింది. ఆ రోజు నా పేరు నాకే ఈమెయిల్ చేసుకుని, తెరమీద చూసి మురిసిపోయాను.

కానీ ఒక లోపం కనబడింది. 'సర్పంచ్' అని కొట్టి పక్కన 'కు' చేర్చితే, ఆ 'కు' పక్కన నిలబడక 'చ' కిందికి దిగి వత్తైపోయేది. 'మేనేజర్‌కు', 'డాక్టర్‌కు' అన్నీ అంతే. మా కరపత్రాల నిండా అలాంటి మాటలే.

ఆ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకూ వాడేవాళ్లకూ కలిపి ఒక ఈమెయిల్ గ్రూపు ఉండేది. ఒకరు రాస్తే అందరికీ చేరేది. నేనూ చేరి, ఆ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన పెద్దాయనను ఉద్దేశించి రాశాను. "అన్నా, నువ్వు చేసింది మస్తుగుంది. కానీ సర్పంచ్ పక్కన కు కొడితే కిందికి పోతున్నది. నువ్వు జర చూడు."

మర్నాడు పొద్దున గ్రూపు తెరిచాను. ఆ పెద్దాయన నుంచి ఏమీ లేదు. ఇంకో సభ్యుడు మాత్రం ఇలా రాశాడు: "నువ్వు నువ్వు ఏమిటండీ? ఆయన మీ ఇంటి పాలేరనుకుంటున్నారా? ముందు పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్చుకుని, తర్వాత తప్పులు పట్టండి." కింద మరొకరు ఔనన్నారు. ఇంకొకరు, ఇలాంటి భాష రానిస్తే గ్రూపు పాడవుతుందన్నారు. మధ్యాహ్నానికి వరంగల్ వైపు మనిషెవరో నా తరఫున లేచి, "మా భాషను అనడానికి మీరెవరు?" అని తిట్టాడు. సాయంత్రానికి ఆ ప్రాంతం, ఈ ప్రాంతం అంటూ ఒకటే వాదన. సర్పంచ్ కిందికి పోయిన 'కు' సంగతి ఎవరికీ పట్టలేదు.

నా మొహం వేడెక్కిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ నన్ను మర్యాద తెలియనిదాన్నని అనలేదు. పనంతా ఆగి కొట్లాట మిగిలింది నావల్లేనా అని ఒక బాధ. పెద్దాయన కూడా కోపం వచ్చే మాట్లాడడం లేదేమోనని ఇంకో బాధ. మా ఊరు నస్రుల్లాబాద్ దాకా ఆటోలో కూర్చుని అదే ఆలోచన. ఇంటికెళ్తే అన్నం సయించేది కాదు.

ఒకరోజు అక్క నేను కొట్టిన పెళ్లిపత్రిక ఒకటి నా ముందు పెట్టింది.

"ఏందే ఇది? పెండ్లికొడుకు పేరు పెండ్లిపిల్ల కాడ కొట్టినవు. ఏమైంది నీకు?"

"ఏం లేదక్కా."

"ఏం లేకుంటే నీ చెయ్యి గిట్ల తప్పదు. చెప్పు."

గ్రూపు తెరిచి చూపించాను. అక్క కుర్చీ లాక్కుని అన్నీ చదివింది. తిట్టిన చోట నొసలు ముడిచింది. చివరికొచ్చేసరికి ఆమెకు నవ్వొచ్చింది.

"నవ్వుతవేందక్కా?"

"మా అమ్మ యాదికొచ్చింది. ఆమె ఇక్కడికొచ్చిన కొత్తల పక్కింటి అవ్వ వచ్చి 'ఏం కూర వండినవు నువ్వు?' అని అడిగిందంట. ఇగ మా అమ్మకు మండింది. ముక్కూ మొహం తెలియని మనిషిని నువ్వంటదా అని తలుపేసుకున్నది. చానా రోజులు మాటల్లేవు."

"మరి?"

"అమ్మకు జ్వరమొచ్చింది. నాన్న ఊళ్లె లేడు. గా అవ్వనే బండి కట్టించి దవాఖానకు తోలుకపోయింది. మంచం పక్కన కూసొని నువ్వు తాగు, నువ్వు పండుకో అనుకుంట రెండు పూటలు కదల్లేదంట. అప్పుడు తెలిసింది మా అమ్మకు, ఇక్కడ మీరంటే దూరం పెట్టినట్టని."

"నేను గూడ గట్లనే అన్న గదక్కా. అన్నా అని పిలిచిన. తప్పేం జేసిన?"

"తప్పని ఎవరన్నరే? కానీ అవ్వను మా అమ్మ తన కండ్లతోని చూసింది. గీడ నీ మొఖం కనవడదు, గొంతు ఇనవడదు. రాసిందొక్కటే కనవడ్తది. వాళ్లకెట్ల తెలుస్తది? నువ్వే చెప్పాలె."

"మాఫీ అడగాల్నా?"

"మాఫీ ఎందుకు? సంగతి చెప్పు, చాలు."

ఆ మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు కూర్చుని రాశాను. చాలాసార్లు చెరిపాను. తిట్టినవాళ్లకు జవాబుగా ఒక్క మాటా పెట్టలేదు. మా దగ్గర అమ్మను, నాన్నను, మొక్కేటప్పుడు దేవుణ్ని కూడా నువ్వే అంటామని, అన్నా అని పిలవడంలోనే మా గౌరవమంతా ఉంటుందని రాశాను. వినేవాళ్లకు అలా అనిపించలేదని ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇకమీద ఇక్కడ మీరు అంటానన్నాను. నా కోసం ఎవరూ ఎవరినీ తిట్టొద్దని వరంగల్ ఆయనను వేడుకున్నాను. ఆ తర్వాత అసలు పని: ఏ మీటలు ఏ వరుసలో నొక్కాను, తెరమీద ఏం వచ్చింది, ఏం రావాలి, అన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టాను. ఇంకోసారి చదువుకుని పంపించాను.

రెండో రోజు పెద్దాయన నుంచి జవాబొచ్చింది. తెరవడానికి భయమేసి అక్కనే చదవమన్నాను. ఆమె పైకి చదివింది.

"అమ్మా, నేను ప్రయాణంలో ఉండి ఇవేవీ చూడలేదు. నన్ను అన్నా అన్నావు, సంతోషం. మా చెల్లెలూ నన్ను నువ్వనే అంటుంది. నీకెలా వస్తే అలాగే రాయి. నువ్వు చెప్పిన లోపం నిజమే, సరిచేస్తున్నాను. ఇలాంటి మాటలు ఇంకా ఉంటే పంపు."

"అయిపాయె! గింతదానికి తిండి మానేసినవా?" అంది అక్క. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. గుండె మీదినుంచి బస్తా దించినట్టయింది.

ఆయన గ్రూపు అందరికీ వేరుగా కొన్ని మాటలు రాశారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే తప్పు గురించి మాట్లాడండి, చెప్పిన మనిషి గురించి కాదు. యాసను బట్టి మర్యాద కొలవకండి. కోపం వస్తే అదే రోజు జవాబు రాయకండి. కొత్తగా చేరేవాళ్లకు ముందుగా అవే కనిపించేలా పెట్టారు. వరంగల్ ఆయన "సరే అన్నా" అని ఒక్క ముక్క రాశాడు. వాదన అక్కడితో ఆగింది.

వారం తిరిగేలోపు నన్ను మొదట తిట్టినాయన దగ్గరినుంచి, గ్రూపుకు కాకుండా నాకొక్కదానికే ఈమెయిల్ వచ్చింది. "మా ఊళ్లో పెద్దవాళ్లను నువ్వంటే చెంప పగిలేది. ఆ చెవులతోనే మీ మాట విన్నాను. నొప్పించాను, మన్నించండి."

"పర్వాలేదండి" అని కొట్టాను. నా జన్మలో నేను 'అండి' అనడం అదే మొదలు. వెనకనుంచి చూస్తున్న అక్క పకపకా నవ్వి, "అబ్బో, మా క్యాంపు పిల్లవైతివి గదే!" అంది. మీట నొక్కి పంపించేసి, ఆకలేస్తోందని చెప్పి, ఇద్దరం బయటికి వెళ్లి వేడివేడి మిర్చీ బజ్జీలు తిన్నాం.