బావ వేలు, అక్క కత్తి

మా బావను అందరూ చెవి మాస్టారు అంటారు. ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్తాను. నేను చెప్పబోయేది అసలు మా అక్క గురించి. బావ గొప్పలు చెప్పేవాళ్ళు వీధికొకరు ఉన్నారు, అక్క గురించి చెప్పడానికి దాని చెల్లెల్ని నేనొక్కదాన్నే మిగిలాను.

అక్కావాళ్ళింట్లో ముందుగది బావ దుకాణం. దాని పక్కగోడకు ఉన్న గుమ్మం దాటితే వంటగది. వయసులో ఉన్నప్పుడు బావ మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు. అది మూలపడ్డాక ట్యూబు ఆంప్లిఫయర్లు చెయ్యడం మొదలుపెట్టాడు, లోపల గాజు గొట్టాలు ఎర్రగా వెలుగుతుంటాయే, అవి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ ఒంట్లో సత్తువ ఉండదు. రెండో మూడో వాట్లు, అంతే. మామూలు స్పీకరు తగిలిస్తే మూలుగుతాయి. అందుకని వాటికి పాతకాలపు హారన్లు కావాలి. వెనక సన్నగా మొదలై ముందుకు వచ్చేసరికి పెద్ద బాకాలా విచ్చుకుంటాయి. ఆ కాస్త కరెంటుతోనే గది నింపేస్తాయి. మూతబడ్డ సినిమా హాళ్ళన్నీ తిరిగి బావ వాటిని ఏరుకొచ్చేవాడు.

అలాగని ఏ హారన్ తెచ్చి ఏ ఆంప్లిఫయర్‌కి తగిలించినా కుదరదు. ఒకటి ముక్కుతో పాడుతుంది. ఒకటి గీపెడుతుంది. ఇంకోటి పాటను వదిలేసి ఆంప్లిఫయర్ కడుపులోని గుర్రుగుర్రును పెద్దది చేసి వినిపిస్తుంది. జత కుదర్చడమే అందులో విద్య. ఆ విద్య బావకు ఉండేది, కాదనను. కస్టమర్ని ఎదురుగా ఉన్న పేము కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడి కళ్ళు అరమూసి, చూపుడువేలు పైకెత్తేవాడు. ఒక జత మార్చి ఇంకో జత పెడుతూ ఉంటే, సరైనది పలికినప్పుడు ఆ వేలు మెల్లగా కిందికి దిగేది. వేలు దిగిందంటే బేరం కుదిరినట్టే. ఆ వేలు చూడ్డానికే కొందరు వచ్చేవాళ్ళు.

పేము కుర్చీ కస్టమర్లది. అక్క అందులో ఎప్పుడూ కూర్చోలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో సరదాగా ఒకసారి కూర్చోబోతే, 'నీకేం తెలుస్తుందని' అన్నాడట. అది ఆ మాట నవ్వుతూనే చెప్పింది నాతో. నాకు నవ్వు రాలేదు.

మైకుల ముందు నిలబడి గడిపిన వయసు ఊరికే పోతుందా? బావ చెవులు మెల్లగా మొరాయించాయి. మాటలు బాగానే వినబడేవి. సన్నటి చప్పుళ్ళు పోయాయి. కుక్కర్ కూత పెడుతుంటే పక్కనే నిలబడి 'ఇంకా కాలేదా వంట' అని అడిగేవాడు. తనకు వినబడటం లేదు కాబట్టి పాటే మందంగా ఉందనుకుని, రోజురోజుకీ గీపెట్టే హారన్లను ఎంచి వేలు దించడం మొదలుపెట్టాడు. కస్టమర్లకు చెవులు చిల్లులు పడుతున్నా, ఇంత పెద్దాయన బాగుందంటుంటే మనకే వినడం రాదేమో అనుకుని తలలూపేవాళ్ళు. ఇంటికి తీసుకెళ్ళాక పెళ్ళాం పిల్లలు తిట్టిపోస్తే అప్పుడు పట్టుకొచ్చి ఇచ్చేవాళ్ళు. ఒక ప్లీడరు గారు అలాగే తిరిగి తెచ్చాడు. 'మీ ఇంటి గోడలు బోసిగా ఉన్నాయండీ, తప్పు వాటిది' అన్నాడు బావ. రెండో ఆయన తెచ్చేసరికి గోడల మీదికి నెట్టడం కుదరలేదు.

ఆ రోజు అన్నం తింటూ, తల ఎత్తకుండా, అక్కతో అన్నాడట. "రేపటి నుంచి కూరగాయలు ఆ గుమ్మంలో కూర్చుని తరుగు. బాగా పలికినప్పుడు కత్తి ఆపు."

అంతే. చెవులు పోయాయని ఒప్పుకోలేదు, సాయం చెయ్యమనీ అడగలేదు. అక్క కూడా ఇంకేం అడగలేదు. వంటగది గుమ్మంలో చిన్న పీట వేసుకుని, ఒళ్ళో చెక్క పెట్టుకుని, బీన్సో క్యారెట్టో తరుగుతూ కూర్చునేది. కస్టమరుకి ఎదురుగా హారన్లు, పక్కన బావ, ఓరగా గుమ్మంలో అక్క. టకటకమని కత్తి ఆడుతూ ఉండేది. సరైన జత పలికితే కత్తి ఆగేది. అరమూసిన కళ్ళలోంచి అది చూసి బావ వేలు దించేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. చెవి మాస్టారి పేరు మళ్ళీ మారుమోగింది.

నేను కడిగేశాను ఒకసారి. "నీ పేరు చెప్పడానికి ఆయనకు నోరు పెగలదా?"

"ఊరుకోవే. ఇల్లు గడుస్తోందిగా."

"ఇంట్లోనన్నా అన్నాడా, నీతోనన్నా?"

"అంటాడులే ఎప్పుడో" అంది. అది దాని ఆశ. చీరలూ నగలూ కాదు, 'ఆ చెవి నాది కాదు, మా ఆవిడది' అని ఒక్కసారి ఆయన నోట వినాలని. పిచ్చిది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, ఇది మాత్రం అడక్కుండా ఏళ్ళ తరబడి కూర్చుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. హారన్ అనేది టార్చిలైటు లాంటిది, సూటిగా ముందుకు కొడుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ గీపెట్టడం అంతగా తెలియదు. ఈ సంగతి అక్కకు ఎవరూ చెప్పలేదు. పాటలు మోగుతుంటే గది తుడుస్తూ అటూ ఇటూ తిరిగినప్పుడు అదే కనిపెట్టింది. గుమ్మంలో ఎంత మెత్తగా వినబడితే కుర్చీలో ఎలా ఉంటుందో పాత హారన్లన్నిటికీ లెక్క కట్టి పెట్టుకుంది. ఆ లెక్కతోనే కత్తి ఆపేది.

అలా ఉండగా హోటలాయన వచ్చాడు. కొత్తగా కట్టిన హోటల్లో పెద్ద హాలు, దానికి మంచి జత కావాలన్నాడు. అది కుదిరితే ఆయన స్నేహితులందరూ వస్తారు. బావ ఎక్కడినుంచో కొత్త రకం హారన్లు తెప్పించాడు, మూతి సన్నం, పొడవెక్కువ. అక్క వాటిని చూడగానే అంది, నేను అక్కడే ఉన్నాను.

"ఏమండీ, వీటి లెక్క నాకు తెలియదు. ఆయన రాకముందు ఒక్కసారి ఎదురుగా కుర్చీలో కూర్చుని వింటాను."

"ఎవరైనా చూస్తే?"

"తలుపు వేద్దాం."

"అక్కర్లేదు. ఆ కుర్చీ నీది కాదు. గుమ్మంలో నుంచి విను, చాలు."

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి నొక్కింది.

హోటలాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రికార్డు తిరిగింది, బావ వేలు లేచింది. ఒక జత అయింది, కొత్త జత పెట్టారు. గుమ్మంలోకి ఆ పాట చాలా కమ్మగా వచ్చింది, నేను అక్క వెనకే నిలబడి విన్నాను. అక్క కాసేపు తటపటాయించింది. కత్తి ఆపింది. వేలు దిగింది. హోటలాయన మొహం మాత్రం మాడిపోయింది.

"మాస్టారూ, ఇది చెవులు కోసేస్తోందండీ."

"ఇంకాస్త వినండి."

"వింటే తలనొప్పి వస్తోంది. మీకు నిజంగా బాగుందా?"

బావ ఆయన వంక చూశాడు, హారన్ల వంక చూశాడు. ఏం వినబడుతోందో బావకేం తెలుసు పాపం. అప్పుడు గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

"తప్పు నాది కాదండీ. వినేది ఈవిడ. చాలా ఏళ్ళుగా ఈవిడే వింటోంది. నాకు చెవులు సరిగా లేవు, ఈవిడ మాట నమ్మి వేలు దించుతున్నాను."

అక్క ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట అదే. తప్పు మోపడానికి పనికొచ్చింది కాబట్టి ఆయన నోట్లోంచి బయటికొచ్చింది. అక్క మొహంలోకి నేను చూడలేకపోయాను.

అది మాత్రం కత్తి చెక్క మీద పెట్టి లేచింది. చేతులు తుడుచుకుని ముందుగదిలోకి నడిచి, "మీరు కాస్త లేస్తారా" అని హోటలాయన్ని అడిగింది. ఆయన లేచాడు. అక్క పేము కుర్చీలో కూర్చుంది. పాట మళ్ళీ పెట్టమంది. మొత్తం విన్నది, చివరిదాకా.

"ఈ జత వద్దండీ. ఆ మూల దుమ్ము కొట్టుకుపోయి ఉంది చూడండి, అది తగిలించండి."

బావ కదల్లేదు. హోటలాయనే తన డ్రైవరుతో కలిసి ఆ పాతవి మోసుకొచ్చాడు. తీగలు నేను బిగించాను. పాట మొదలైంది. హోటలాయన కళ్ళు మూసుకున్నాడు, పాట అయ్యేదాకా తెరవలేదు. ఆ జతే కావాలన్నాడు.

హమ్మయ్య, ఇప్పుడైనా దీని విలువ ఒకరికి తెలిసింది అనుకున్నాను. ఆయన వెళ్తూ వెళ్తూ బావ రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎంతైనా మీతో కాపురం చేసింది కదా మాస్టారూ, ఆవిడకీ కాస్త అబ్బింది."

"అవునండీ. రోజూ వింటూనే ఉంటుంది కదా" అన్నాడు బావ, నిమ్మకు నీరెత్తినట్టు.

అక్క వంటగదిలోకి వెళ్ళిపోయింది. మిగిలిన బీన్సు తరిగింది. ఏడుస్తుందేమోనని పక్కన కూర్చున్నాను. ఏడవలేదు. "ఎదురుగా కూర్చుంటే ఎంత బాగుంటుందే" అంది, అంతే. నాకే ఏడుపొచ్చింది.

తరవాత నేను మళ్ళీ వెళ్ళినప్పుడు పళ్ళ డాక్టరొకాయన వచ్చి ఉన్నాడు, హోటలాయన పంపిన మనిషి. బావ ఏమీ జరగనట్టే "ఇదిగో, గుమ్మంలో కూర్చో" అన్నాడు అక్కతో. అక్క పీట వేసుకుని కూర్చుంది. డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. వేలు లేచింది.

మొదటి జత పలికింది. కత్తి ఆడుతోంది. రెండో జత. కత్తి ఆడుతోంది. మూడోది నాకే తెలిసిపోయింది, అంత బాగుంది, డాక్టరు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు కూడా. కత్తి ఆగలేదు. బీన్సు అయిపోతే అక్క క్యారెట్లు అందుకుంది. పాట అయిపోయింది. ఖాళీ రికార్డు మీద ముల్లు సుయ్‌మంటూ తిరుగుతోంది. అది బావకు వినబడదు. కళ్ళు పూర్తిగా తెరిచి అక్క చేతినే చూస్తున్నాడు.

"ఏమైంది మాస్టారూ, కుదిరిందా?" అన్నాడు డాక్టరు.

డాక్టరు అటూ ఇటూ చూసి, గుమ్మం వైపు తిరిగి, "మీరైనా చెప్పండమ్మా" అన్నాడు.

"నాకేం తెలుస్తుందండీ" అంది అక్క, క్యారెట్టు తరుగుతూనే.

బావ వేలు అలా గాల్లోనే ఉండిపోయింది.