ఉప్పు గాలి మీద వేసిన నింద

ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే అరచేతంత డబ్బా. మైకుకీ కంప్యూటర్‌కీ మధ్య కూర్చుంటుంది. బరువేమీ ఉండదు. అయినా దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీతో చెప్పి కాస్త దించుకుంటాను.

మచిలీపట్నంలో మా వెనక గదిలో క్రిస్మస్ పాట రికార్డు చేయాలనుకున్నాం. పాడేది అక్క. డబ్బా ఎంచే బాధ్యత నాది. ఇంజినీరింగ్ చదివాను కదా. అది సివిల్ అన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చవకలో రెండు రకాలు తేలాయి: ఒక మైకు పట్టేది, రెండు పట్టేది. ధరలో పెద్ద తేడా లేదు. బుద్ధున్నవాడు రెండోదే కొంటాడు. కానీ రెండో మైకంటూ ఉంటే దాని ముందు మా బావ నిలబడతాడు. అక్క భర్త, గుడివాడ మనిషి, మనసు బంగారం. శ్రుతికి మాత్రం ఓ మెట్టు కిందుంటాడు. ఏ పాటకైనా అదే మెట్టు.

"రెండు మైకులది తీసుకో బావమరిదీ. మీ అక్క పక్కన నేనూ అందుకుంటాను."

"బందరు ఉప్పు గాలికి రెండోది ఆగదు బావా. తుప్పు పట్టేస్తుంది."

"అలాగా. చదువుకున్నోడివి, నువ్వు చెప్పాక ఇంకేముంది."

అంతే. ఒక్క మైకుతోనూ ఒకరి తర్వాత ఒకరు పాడి, గొంతులు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. నాకు తెలుసు. చెప్పలేదు. అక్క పాడుతున్నంతసేపూ బావ గుమ్మం అవతల నిలబడి, చప్పుడు రాకుండా పెదాలు కదిపాడు. నేను చూశాను. చూసి, పాట బాగా వస్తోందని సంతోషించాను. ఎవరి కోసం అంత బాగా రావాలి?

కిందటేడు బావ సొంతానికి డబ్బా కొన్నాడు. నేను చెప్పిన రకమే. గొంతులు పేర్చడం తనే కనిపెట్టాడు. వాయిద్యం లేకుండా, నాలుగు గొంతులూ ఒక్కడే పాడాడు. నాలుగూ అదే మెట్టు కింద. నాలుగూ ఒకే మెట్టు కిందుంటే అదే శ్రుతి అవుతుందని మా కాలేజీలో చెప్పలేదు.

చర్చిలో వినిపిస్తే జనం లేచి నిలబడ్డారు. మా పాటప్పుడు హాయిగా కూర్చునే విన్నారు. బావ మైకు అందుకుని, "అంతా మా బావమరిది చలవండీ. ఉప్పు గాలి సంగతి తనే చెప్పాడు" అన్నాడు. ఇప్పుడు ఊళ్లో కొత్తగా రికార్డింగు మొదలుపెట్టేవాళ్లందరూ ఒక్క మైకు డబ్బాలే కొంటున్నారు.

నిజం చెబుదామనుకున్నాను, చప్పట్లలో వినపడలేదు. కాదు, నోరే తెరవలేదు. చప్పట్లు మాత్రం అందరికంటే గట్టిగా కొట్టాను. అవి అబద్ధం కాదు.

రెండు మైకులదీ శుభ్రంగా పనిచేసేదండీ. ఆ గాలికి ఏ పాపమూ తెలియదు. ఇదిగో, చెప్పేశాను.