క్షమించని పంతులమ్మ

మొన్న ఆదివారం మా సండే స్కూలు పంతులమ్మ పోయారు. అరసవల్లిలో కుట్టు మిషను ముందు కూర్చుని ఉండగా ఫోనొచ్చింది. సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేసి, నా కూతుర్ని చంకనేసుకుని ఆటో ఎక్కాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ నాకు బంధువు కాదు. ఆవిడ భర్తని చంపినవాడు మా నాన్న.

కాలువ నీళ్ల దగ్గర తగువొచ్చి, పొలం గట్టు మీదే కత్తితో నరికేశాడు. నాన్న జైలుకి పోయాడు, మేం ఊళ్లో మిగిలాం. నా పేరు ఎవరికీ అక్కర్లేదు, 'నరికినోడి కూతురు' అంటే చాలు. బోరింగు దగ్గర అమ్మని జుట్టు పట్టి ఈడ్చారు. అయినా ఆదివారం వస్తే నన్ను చర్చికి పంపేది.

పంతులమ్మ దగ్గర బైబిలు వాక్యం తప్పు చెబితే వేళ్ల మీద స్కేలు పడేది. నాకూ అందరితో పాటే పడేది, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. ఊరంతటిలో నన్ను న్యాయంగా కొట్టింది ఆవిడొక్కతే.

ఒక ఆదివారం పాస్టరుగారు జన్మపాపం గురించి చెప్పారు. తొలి మనిషి చేసిన నేరం అందరి నెత్తుట్లోనూ దిగుతుందని, పాలు తాగే బిడ్డ కూడా దోషేనని. ఆయన నన్ననలేదు. కానీ పంతులమ్మ మరిది లేచాడు.

"ఇన్నారా? నెత్తుట్లోనే వస్తాదంట! ఈ గుంటనొగ్గేస్తే రేపు ఇదీ నరుకుతాది!"

నా మెడ పట్టుకుని గోడకేసి బాదాడు. నోరంతా రక్తం.

పంతులమ్మ తలుపు వెనకున్న దుడ్డుకర్ర అందుకుని అతని మోచేతి మీద ఒక్కటేశారు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. కర్ర దించకుండానే పాస్టరుగారి వైపు తిరిగారు.

"అయ్యగారూ, పుట్టిన గుడ్డుని సూసి అయ్యో పాపం అంటాం గానీ, అయ్యో పాపీ అంటామేటండీ?"

"అది దేవుడి ముందు మాటమ్మా," అన్నారాయన. "మనుషులు శిక్షించమని కాదు."

"బుద్ధి పుట్టుకతో వస్తాదంటే ఒప్పుకుంటాను. ఈ కోపం నాకు మా అయ్య నుంచే వచ్చినాది, సూసారు కదా. నేరం మాత్రం రాదు. ఎవుడు నరికితే ఆడిదే సెయ్యి."

నా పెళ్లికి ముందు ఆవిడ కాళ్ల మీద పడి, మా నాన్నని క్షమించమన్నాను. చెంప పగలగొట్టారు.

"ఆడ్ని నేను క్షమించలేదు, సచ్చినా క్షమించను. ఆడి తరఫున అడగడానికి నువ్వెవతివే? నీలో క్షమించడానికి ఏటున్నాది?"

ఆ దెబ్బకి నా ఒళ్లంతా తేలికైపోయింది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేకపోయాను, అదే ఇప్పుడు నా బాధ.

ఆవిడ సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక అందరూ తలో గుప్పెడు మట్టి వేస్తున్నారు. నా కూతురు కూడా వంగి మట్టి తీసింది. మరిది చేతిలో పార ఉంది.

"నరికినోడి మనవరాలు! ఆ సెయ్యి తియ్యే!" అంటూ పార ఎత్తాడు.

నేను బిడ్డకి అడ్డం పడ్డాను. ఆవిడ దగ్గర చదువుకున్న ఆడవాళ్లంతా వచ్చి నాకు అడ్డం నిలబడ్డారు. ఆ కాళ్ల సందుల్లోంచి నా కూతురు దూరి వెళ్లి, గోతిలోకి వంగి గుప్పెట విప్పింది. పెట్టె మూత మీద మట్టి పడింది. అతని పార ఇంకా పైనే ఉంది, దానికంటుకున్న తడిమన్ను అతని నెత్తి మీదే రాలుతోంది.