తొట్టి బరువు

ఆఖరి ఏడాది మొదలయ్యేదాకా మా మెకానికల్ క్లాసులో మొదటి మార్కు నాదే. కర్నూలు జిల్లా నుంచి వచ్చి తార్నాకలో ఒక మేడమీద గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే కిరసనాయిలు స్టవ్ మీద అన్నం వండుకుని, యూనివర్సిటీకి నడిచి వెళ్లేవాణ్ణి. అరవైల చివరి రోజులవి. సినిమాలు లేవు, షికార్లు లేవు. ఆ మొదటి మార్కు ఒక్కటే నా ఆస్తి అన్నట్టు ఉండేవాణ్ణి.

అతను మొదటి నుంచీ మా క్లాసులోనే ఉన్నాడు, వెనక బెంచీలో. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. వాళ్ల నాన్న వర్క్‌షాపులో క్రేన్ నడిపేవాడు. అయిదేళ్ల చదువులో మొదటి నాలుగేళ్లు అతన్ని నేను పట్టించుకోలేదు.

ఆ ఏడు మా డిపార్టుమెంటులో పై అంతస్తుకు కొత్త ల్యాబు వచ్చింది. దానికి కావలసిన ఇనప దిమ్మెలన్నీ మెట్ల మీదుగా మనుషులు మోయాల్సి వస్తోంది. ఒకరోజు ప్రొఫెసర్ గారు క్లాసులో అడిగారు.

"గోడ బయట హాయిస్టు పెడదామనుకుంటున్నాను. ఆరువందల కిలోల బరువు, నిమిషానికి పన్నెండు మీటర్ల వేగంతో పైకి పోవాలి. షెడ్డులో మూడు హార్స్‌పవర్ పాత మోటారు ఉంది. అది చాలుతుందా?"

లెక్కలు చేసే నా స్లైడ్ రూల్ అప్పటికే చేతిలో ఉంది. నిమిషానికి పన్నెండంటే సెకనుకు మీటరులో అయిదో వంతు. ఆరువందల్ని దానితో గుణిస్తే నూట ఇరవై. డెబ్బై అయిదుకి ఒక హార్స్‌పవర్.

"ఒకటిన్నర దాటి కొంచెం సార్. మూడు ఉందంటే సగం మిగులుతుంది" అన్నాను, అందరికంటే ముందు.

వెనక బెంచీ నుంచి అతను లేచాడు. "గేర్లు, పుల్లీలు తినేది చూడలె సార్. పాత సామాను. నూటికి నలభై వంతులు అండ్లనే పోతది. దిమ్మెలు పెట్టే తొట్టి ఒక ముప్పై కిలోలు ఏసుకున్నా మూడుకు దగ్గర పడతది. సరిపోతది గానీ, మిగిలేది ఏం లేదు."

"నలభై అని ఎట్లా చెబుతున్నావు?"

"మా నాయిన పక్కన క్రేన్ మీద కూసొని చూసిన సార్."

క్లాసంతా నవ్వింది. ప్రొఫెసర్ గారు నవ్వలేదు. సుద్దముక్క అతని చేతికిచ్చి బోర్డు దగ్గరికి రమ్మన్నారు. గంట అయ్యేసరికి హాయిస్టు పని అతనిదైంది. ఆయన నావైపు తిరిగి, "నువ్వు అతనికి సాయంగా ఉండు" అన్నారు. సాయంగా! ఆ మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు.

అతనికి ఇదేమీ తెలియదు. ఆదివారం నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. వాళ్లమ్మ వేడివేడి జొన్నరొట్టెలు వేసింది. వాళ్ల నాన్న మా ముందు కూర్చుని, చేతులు తిప్పుతూ చెప్పాడు: "కదిలినంక బరువు తేలికైతది బిడ్డా. కదిలించేటప్పుడే జోరు కావాలె. నడిమిట్ల ఆపి మళ్ల ఎత్తాల్నంటే మోటారు ఏడుస్తది." కొడుకు మధ్యలో అడ్డొచ్చి వాదిస్తున్నాడు, తండ్రి ఒప్పుకుంటున్నాడు, మళ్లీ కాదంటున్నాడు. మా నాన్నకు నేను ఏ చదువు చదువుతున్నానో సరిగా చెప్పడం కూడా రాదు. ఆ రొట్టె రుచిగా ఉందని ఒప్పుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు.

తొట్టి తయారుచేసే పని మా వర్క్‌షాపు మిస్త్రీది. మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే యాభై ఏళ్ల మనిషి. ఒక మధ్యాహ్నం నేను అటు వెళ్తే పిలిచాడు.

"సారు, పలుచని రేకు దొరకలే. మందం ప్లేటు ఏసిన. తూకం ఏస్తే తొట్టి ఒక్కటే మూడువందల కిలోలొచ్చింది. మీ దోస్తుకు చెప్పుండ్రి, లెక్కల కలుపుకుంటడు."

ముప్పై కాదు, మూడువందలు. నడుస్తూనే మనసులో లెక్కేశాను. మొత్తం తొమ్మిదివందల కిలోలు. నాలుగు హార్స్‌పవర్ కావాలి. మూడు చాలదు.

అతను లైబ్రరీ మెట్ల మీద కనిపించాడు. చెప్పడానికే వెళ్లాను, అది మాత్రం నిజం. నేను నోరు తెరిచేలోపల అతనే అన్నాడు, ముఖం వెలిగిపోతుంటే: "అరే, సార్ పిలిచిండు. రైల్వేల ట్రైనింగుకు నా పేరు రాస్తడంట. ఒక్క పేరే పంపుతరంట!"

"మంచిదే" అన్నాను. ఇంకేమీ చెప్పకుండా గదికి వచ్చేశాను.

హాయిస్టు నడిపి చూసే రోజు డిపార్టుమెంటంతా పెరట్లో చేరింది. మొదటిసారి తొట్టి నిండా దిమ్మెలు పెట్టి మీట నొక్కారు. ముప్పావు నిమిషంలో పైకి చేరింది. చప్పట్లు కొట్టారు. రెండోసారీ చేరింది. నా లెక్కే తప్పిందేమోనని, అతనికి ఇది కూడా కలిసొచ్చిందని కుళ్లిపోయాను. మూడోసారి తొట్టి సగం ఎత్తులో ఉండగా వేడెక్కిన మోటారు మూలిగింది, స్టార్టరు టక్కున ట్రిప్పయి కరెంటు ఆగింది. తొట్టి గాలిలో ఆగిపోయింది.

సరిగ్గా దాని కింద మిస్త్రీ నిలబడి ఉన్నాడు, తొట్టి ఊగకుండా తాడు పట్టుకుని.

అతను పరుగెత్తి మిస్త్రీని భుజం పట్టి ఇవతలికి లాగాడు. బ్రేకు పట్టింది కాబట్టి సరిపోయింది. బరువును చేత్తో మెల్లగా కిందికి దించారు. ఆ నిమిషం ముందు వరకూ మోటారు ఆగిపోవాలని కోరుకున్నవాణ్ణి నేనే. కింద ఎవరుంటారన్నది నాకు తట్టనే లేదు.

ప్రొఫెసర్ గారు తొట్టిని చేత్తో తట్టి చూశారు. "ఇది ముప్పై కిలోలా? ఎవరూ తూకం చూడలేదా?"

"నేను చూసి ఈ సారుకు చెప్పిన" అన్నాడు మిస్త్రీ, నన్ను చూపిస్తూ. అతని గొంతులో నింద లేదు.

అందరూ నావైపు చూశారు. "నేను చెప్పినాను సార్. లైబ్రరీ కాడ చెప్పినాను. అతనే మర్చిపోయినాడు" అన్నాను.

అతను నన్ను చూస్తూ ఉండిపోయాడు. కోపంగా కాదు, వెతుక్కుంటున్నట్టు. తర్వాత తల దించుకుని, "చెప్పిండేమో సార్. ఆ దినం నేను సంతోషంల ఉన్న. నాకే యాదికి లేదు" అన్నాడు.

వారంలో దాన్ని అతనే బాగుచేశాడు. మోటారు మీది పుల్లీని సగం సైజుకు మార్చి, వేగాన్ని నిమిషానికి ఆరు మీటర్లకు తగ్గించాడు. అంతే బరువుకు రెండు హార్స్‌పవర్ చాలింది. రిపోర్టులో నా పేరు కూడా రాశాడు. పైగా గదికి వచ్చి, "నువ్వు చెప్పినా వినకపోతి, ఏమనుకోకు" అని నాకే క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆ తర్వాత అతనిలో ఒక మార్పు చూశాను. జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ఎవరేం చెప్పినా రాసుకునేవాడు. వేసిన లెక్క మళ్లీ వేసేవాడు, ఇంకోసారి వేసేవాడు. పరీక్షల్లో కూడా అంతే. రెండు పేపర్లలో ఆఖరి ప్రశ్నకు టైము చాలలేదు. ఫలితాలొచ్చాయి. మొదటి మార్కు నాది, రెండోది అతనిది. మొదటి మార్కు నాదని రైల్వేకి నా పేరే పంపారు.

కోరుకున్నదంతా దొరికింది. అయినా రైల్వే నుంచి వచ్చిన కాయితం పట్టుకుని గదిలో కూర్చుంటే, వాళ్ల నాన్న చేతులు తిప్పుతూ మాట్లాడటమే గుర్తొచ్చింది. నాలుగో రోజు అతను అభినందించడానికి వచ్చాడు. అతను సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే ఇద్దరం తార్నాక చౌరస్తా దాకా నడిచాం. బస్టాపు దగ్గర చెప్పేశాను.

"తొట్టి సంగతి నీకు నేను చెప్పలేదు. రైల్వేకి నీ పేరు పోకూడదని చెప్పలేదు."

ఒక బస్సు వచ్చి పోయింది. అప్పుడు అతను అన్నాడు: "ట్రైనింగు పోతే పోయింది. ఆర్నెల్లు నన్ను నేనే నమ్మలేదు. ఆ నమ్మకం ఎవరు వాపసిస్తరు నాకు?"

అతను సైకిలెక్కి లాలాగూడ వైపు వెళ్లిపోయాడు. మర్నాడు వాళ్లింటికి వెళ్తే, ఉన్నాడో లేడో తెలియదు, వాళ్లమ్మ తలుపు దగ్గరే నిలబడి "లేడు బిడ్డా" అంది. నేను ట్రైనింగుకు వెళ్లలేదని గొప్పగా చెప్పుకోగలిగితే బాగుండేది. వెళ్లాను. ముప్పై ఏళ్లు రైల్వేలోనే చేశాను.

అతను ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో చేరి, తర్వాత సొంతంగా క్రేన్లు తయారుచేసే షెడ్డు పెట్టాడని ఎవరో చెప్పారు. మా డిపోకు ఒకసారి అతని క్రేనే వచ్చింది. పన్నెండు టన్నుల బరువును నేల మీంచి తీసేటప్పుడు చిన్న కుదుపు కూడా లేదు. పక్కనున్నవాళ్లు మెచ్చుకుంటుంటే నేను దాని గేర్‌బాక్సు మూత తీయించి, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని మధ్యాహ్నం దాకా వెతికాను.